హోమ్ రన్లకు కాదు, ఔట్లకు ధర కట్టండి

పాఠకుల ప్రశ్నలు, లెక్కల మాస్టారి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కంప్యూటర్ మీదా కార్డులతోనూ ఆడే బేస్‌బాల్ లీగుల గురించే. అమెరికాలో ఉన్న అన్నలు, మేనమామలు అలవాటు చేసిన ఆట మన గోదావరి జిల్లాల ఇళ్లలోకి ఇంతగా వచ్చిందని ఈ ఉత్తరాలు చదివితే గాని నాకు తెలియలేదు. డిగ్రీ కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పిన నాకు ఇంతకంటే ఇష్టమైన పని లేదు. అందుకే పత్రికలో నాకిచ్చిన చోటంతా ఈ ప్రశ్నలకే వాడుకుంటున్నాను.

ప్రశ్న: మాస్టారూ, మేం పన్నెండు మంది స్నేహితులం ‘ఔట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్’ అనే కంప్యూటర్ ఆటలో లీగు నడుపుతున్నాం. నలుగురం భీమవరంలో, ఇద్దరు పాలకొల్లులో, మిగిలినవాళ్లు హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఉన్నారు. ఆటగాళ్లందరూ కల్పితమే. సంక్రాంతి సెలవుల్లో అందరం కలిసి వేలం వేసుకుంటాం. లీగులో ఎక్కువ హోమ్ రన్లు (బంతిని కంచె దాటించే దెబ్బలు) కొట్టిన ఇద్దరూ రెండు సీజన్లుగా నా జట్టులోనే ఉన్నారు. ఖజానాలో సగం వాళ్లకే పోయింది. అయినా రెండుసార్లూ అట్టడుగునే మిగిలాను. క్రికెట్ అయితే నాకు బాగా తెలుసు. ఇక్కడ ఏం చేస్తే పోటీలో నిలబడతాను? (ఇంజనీరింగ్ విద్యార్థి, భీమవరం)

జవాబు: బాబూ, క్రికెట్ నుంచి వచ్చిన అలవాటే నీ ఖజానాను ఖాళీ చేస్తోంది. ఇరవై ఓవర్ల ఆటలో ఓపెనర్ కుదురుకుంటే 120 బంతుల్లో సగం తానే ఆడి జట్టును గెలిపించగలడు. బేస్‌బాల్‌లో అది కుదరదు. తొమ్మిది మంది వరుసలో ఒక్కొక్కరూ తమ వంతు వచ్చినప్పుడే బ్యాట్ పట్టుకుంటారు. ఎంత గొప్పవాడికైనా ఒక ఆటలో నాలుగు, అయిదు వంతులకు మించి దొరకడం అరుదు. మొదటి ఇన్నింగ్స్ నుంచి బంతి వేసే పిచర్ సాధారణంగా అయిదు ఆటలకు ఒకసారి వస్తాడు. కాబట్టి ఇద్దరు మహావీరుల మీద జట్టును నిలబెట్టడం ఈ ఆట స్వభావానికే విరుద్ధం.

అమెరికాలోని అసలు లీగులోనే దీనికి తిరుగులేని ఉదాహరణ ఉంది. మైక్ ట్రౌట్, షోహే ఓతాని 2018 నుంచి 2023 వరకు ఏంజెల్స్ జట్టులో కలిసి ఆడారు. ఆ ఆరేళ్లలో 2019లో ట్రౌట్, 2021లోనూ 2023లోనూ ఓతాని తమ లీగులో అత్యంత విలువైన ఆటగాళ్లుగా ఎంపికయ్యారు. ఓతాని బ్యాట్‌తోనూ బంతితోనూ ఆడినవాడు. అయినా ఆ ఆరు సీజన్లలో ఏంజెల్స్ ఒక్కసారి కూడా ఓటముల కంటే ఎక్కువ విజయాలు సాధించలేదు, తుది పోటీల దశకు చేరలేదు. మిగిలిన ఇరవై నాలుగు మంది ఎవరన్నదే అక్కడ తేల్చిన సంగతి.

ఇక అసలు లెక్కకు వస్తాను. తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కు మూడు ఔట్లు, మొత్తం 27 ఔట్లు. క్రికెట్‌లో పది వికెట్లు పడకపోయినా ఓవర్లు అయిపోతే ఆట ముగుస్తుంది. బేస్‌బాల్‌లో ఓవర్లు లేవు. 27వ ఔట్ పడేవరకు ఎన్ని పరుగులైనా చేసుకోవచ్చు. అంటే జట్టు చేతిలో ఉన్న సిసలైన సొమ్ము ఆ 27 ఔట్లే. వాటిని తక్కువగా ఖర్చు చేసే బ్యాటర్‌ను గుర్తించడానికి ఆన్‌బేస్ శాతం అనే అంకె ఉంది. హిట్ కొట్టి (అంటే బంతిని కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరి) గాని, నాలుగు చెడ్డ బంతులు వదిలేసి వాక్ (ఉచితంగా మొదటి బేస్) సంపాదించి గాని, బంతి ఒంటికి తగిలి గాని, తన వంతుల్లో ఎన్నిసార్లు ఔట్ కాకుండా బేస్ చేరాడో అది చెబుతుంది. (పరుగు కావాలంటే బ్యాటర్ వరుసగా తాకుతూ రావలసిన నాలుగు గుర్తులే బేస్‌లు.) మీ వేలంలో అందరూ చూస్తున్నది బ్యాటింగ్ సగటు (క్రికెట్‌లోలా కాదు, ఇక్కడ వాక్‌లు తీసేసిన వంతుల్లో హిట్ల వాటా), హోమ్ రన్లు. వాక్‌లు మాత్రం ఎవరికీ కనబడటం లేదు. నువ్వు ముందుగా చూడాల్సింది వాటినే.

కాగితం తీసుకో, ఇద్దరు బ్యాటర్లను పోల్చుదాం. ఇద్దరికీ సీజన్‌లో 600 వంతులు వచ్చాయనుకో. మొదటివాడు 35 హోమ్ రన్లు కొట్టాడు, ఆన్‌బేస్ శాతం 0.300. రెండోవాడు 12 కొట్టాడు, ఆన్‌బేస్ శాతం 0.390. మొదటివాడు 420 సార్లు ఔటయ్యాడు, రెండోవాడు 366 సార్లు. తేడా 54 ఔట్లు. అంటే రెండు పూర్తి ఆటలకు సరిపడా ఔట్లను రెండోవాడు జట్టుకు మిగిల్చాడు. ఇప్పుడు పరుగుల్లో తూచు. గణాంకవేత్తలు వేసిన లెక్కల ప్రకారం ఒక హోమ్ రన్ విలువ సుమారు 1.4 పరుగులు. ఒక ఔట్ వల్ల నష్టం సుమారు పావు పరుగు. మిగిలిన హిట్లు, వాక్‌లు అన్నిటికీ కలిపి సగటున 0.4 వేసుకుందాం. మొదటివాడికి రెండు పరుగుల లాభం, రెండోవాడికి పద్నాలుగు పరుగుల లాభం వస్తుంది. పన్నెండు పరుగుల తేడా. 162 ఆటల సీజన్‌లో దాదాపు పది పరుగులకు ఒక విజయం అని లెక్క. హోమ్ రన్లు మూడో వంతే ఉన్నవాడు ఒక విజయం ఎక్కువ తెచ్చాడు. మీ వేలంలో వాడి ధర మొదటివాడి ధరలో సగం కూడా ఉండదని నేను గట్టిగా చెప్పగలను.

హోమ్ రన్ చెడ్డదని నేను అనడం లేదు. ఒకే దెబ్బలో అంత విలువ ఇచ్చేది ఇంకొకటి లేదు. హోమ్ రన్లూ వాక్‌లూ రెండూ ఉన్నవాడు దొరికితే ఖజానా తాళం తీయి. రెంటిలో ఒకటే ఉన్నప్పుడు, అందరూ ఎగబడేదాన్ని వదిలి రెండోదాన్ని పట్టుకో.

2002లో ఓక్లండ్ అథ్లెటిక్స్ అనే అమెరికా జట్టు చేసినది ఇదే. అంతకు ముందు ఏడాది తమ ప్రధాన బ్యాటర్ జేసన్ జియాంబీ ఎక్కువ డబ్బిచ్చే న్యూయార్క్ యాంకీస్‌కు వెళ్లిపోయాడు. ఆ చోటు కోసం ఓక్లండ్ తెచ్చుకున్నవాళ్లలో స్కాట్ హాటెబర్గ్ ఒకడు. మోచేతి గాయం వల్ల క్యాచర్‌గా (బ్యాటర్ వెనుక కూర్చుని బంతి పట్టేవాడిగా) పనికిరాడని పక్కన పెట్టిన ఆటగాడు. అతనికి వాక్‌లు సంపాదించే ఓపిక ఉంది, అందుకే మొదటి బేస్ దగ్గర నిలబెట్టి ఆడించారు. ఆ సీజన్‌లో జట్టు వరుసగా 20 ఆటలు గెలిచింది, మొత్తం 103 విజయాలు సాధించింది. తమకు మూడింతల జీతాలు చెల్లించిన యాంకీస్ కూడా సరిగ్గా 103 దగ్గరే ఆగారు. ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా వదిలేసే మాట ఒకటుంది. ఆ ఓక్లండ్‌లో టిమ్ హడ్సన్, మార్క్ మల్డర్, బ్యారీ జీటో అనే ముగ్గురు అద్భుతమైన పిచర్లు ఉన్నారు. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల నడుమ నిలబడే ఫీల్డర్) మిగేల్ తెహాదా ఆ ఏడాది తన లీగులో అత్యంత విలువైన ఆటగాడు. చవకైన వాక్‌లు గట్టి పునాది మీద పడ్డాయి కాబట్టే అన్ని విజయాలు వచ్చాయి. పునాది లేకుండా చవక సరుకు ఒక్కటే కొంటే నీకు 103 రావు.

పిచర్ల సంగతి ఇంకా శ్రద్ధగా విను. వేలంలో అందరూ పిచర్ల దగ్గర చూసేది అతను ఇచ్చిన పరుగుల సగటు. 2001లో వోరోస్ మెక్రాకెన్ అనే పరిశోధకుడు ఒక సంగతి బయటపెట్టాడు. బ్యాట్‌కు తగిలి మైదానంలోనే పడిన బంతి హిట్ అవుతుందా, ఫీల్డర్ చేతిలో పడుతుందా అన్నది పిచర్ చేతిలో చాలా తక్కువగా ఉంటుంది. పిచర్ అదుపులో నిజంగా ఉండేవి స్ట్రైక్ ఔట్లు (బ్యాటర్ బంతిని కొట్టలేక ఔటవడం), వాక్‌లు, హోమ్ రన్లు. మైదానంలో పడిన బంతుల్లో సుమారు 30 శాతం హిట్లవుతాయి. ఒక పిచర్‌కు ఒక సీజన్‌లో అది 24 శాతానికి పడిపోయి పరుగుల సగటు బ్రహ్మాండంగా కనబడితే, మరుసటి ఏడాది మళ్లీ 30 దగ్గరకు వస్తుందనే లెక్క వేసుకోవాలి. మన కోనసీమలో ఒక దింపులో కాయ విరగబడిందని తోటకు ఏడాది కౌలు ఎవరూ పెంచరు. చెట్టు వయసు, నేల, నీరు చూస్తారు. పిచర్ దగ్గర నువ్వు చూడాల్సిన నేల, నీరు ఆ మూడు అంకెలే.

మీరు ఆడే ఆటలో ఇది మరీ సులువు. పిచర్‌కు స్టఫ్, మూవ్‌మెంట్, కంట్రోల్ అని మూడు కొలతలు ఇస్తారు కదా. మొదటిది ప్రధానంగా స్ట్రైక్ ఔట్లను, రెండోది హోమ్ రన్లు ఇవ్వకపోవడాన్ని, మూడోది వాక్‌లు ఇవ్వకపోవడాన్ని నడుపుతాయి. బ్యాటర్ దగ్గర ‘ఐ’ అనే కొలత వాక్‌లకు మూలం. కిందటి సీజన్ అంకెలూ ఈ కొలతలూ ఒకదానికొకటి పొసగని చోటే నీకు బేరం దొరుకుతుంది. అంకెలు గొప్పగా ఉండి కొలతలు తక్కువగా ఉన్నవాణ్ణి అమ్ము. అంకెలు పడిపోయి కొలతలు నిలబడినవాణ్ణి కొను. అయితే కొలతలు కూడా స్కౌట్ (ఆటగాళ్లను పరిశీలించి విలువ కట్టేవాడు) వేసిన అంచనాలేనని గుర్తుంచుకో. ముఖ్యంగా పద్దెనిమిదేళ్ల కుర్రాడి భవిష్యత్తు కొలత అనేది ఆశ మాత్రమే.

ఇప్పుడు నీ ఖాళీలు చూసుకో. ఎవరూ కొనని, ఎప్పుడు కావాలన్నా దొరికే ఆటగాళ్లతోనే జట్టు మొత్తం నింపితే 162లో ఇంచుమించు 48 ఆటలు గెలుస్తుందని గణాంకవేత్తలు అంచనా వేస్తారు. ఆ మట్టం కంటే కింద ఉన్నవాడు నీ జట్టులో ఒక్కడు కూడా ఉండకూడదు. ఇద్దరు వీరుల్ని కొన్నాక నీకు డబ్బు మిగలక రెండో బేస్, సెంటర్ ఫీల్డ్, క్యాచర్ చోట్లలో దొరికినవాళ్లను పెట్టి ఉంటావు. మైదానం నడుమ వరుస అదే. క్యాచర్, షార్ట్‌స్టాప్, రెండో బేస్, సెంటర్ ఫీల్డ్. బంతులు ఎక్కువగా వెళ్లేది అక్కడికే. అక్కడ ఫీల్డర్ బలహీనంగా ఉంటే నీ పిచర్లు ఎంత మంచివాళ్లైనా మాసిపోతారు. మూడు చోట్ల అధమస్థాయి ఆటగాణ్ణి సగటు ఆటగాడితో మార్చడం, సగటు ఆటగాణ్ణి వీరుడితో మార్చడం కంటే చవక. లాభం మాత్రం దానికి తీసిపోదు. నా జట్టులో షార్ట్‌స్టాప్ బ్యాటింగ్ సగటు 0.230 దాటడు. అతన్ని మార్చమని మా మేనల్లుడు డాలస్ నుంచి ఫోను చేసినప్పుడల్లా అంటాడు. నేను మార్చను. అతని చేతిలోంచి జారిపోయే బంతులు చాలా తక్కువ.

వయసు విషయంలో కఠినంగా ఉండు. బ్యాటర్లు ఎక్కువగా ఇరవై ఆరు నుంచి ఇరవై తొమ్మిదేళ్ల మధ్య శిఖరం మీద ఉంటారు. ముప్ఫై మూడేళ్లవాడితో అయిదేళ్ల ఒప్పందం రాసుకోవడమంటే అతని గతానికి నువ్వు జీతం ఇవ్వడమే. చివరగా ఒక చిన్న సదుపాయం చెబుతాను. ఎడమచేతి బ్యాటర్ కుడిచేతి పిచర్ ముందు, కుడిచేతి బ్యాటర్ ఎడమచేతి పిచర్ ముందు మెరుగ్గా ఆడతారు. ఒకే చోటికి ఎడమచేతి బ్యాటర్‌ను ఒకణ్ణి, కుడిచేతి బ్యాటర్‌ను ఒకణ్ణి చవకగా కొని, ఎదుటి పిచర్‌ను బట్టి దించు. ఇద్దరి ధర కలిపినా ఒక పెద్ద ఆటగాడి ధరకు చాలా దూరంలో ఉంటుంది. ఎక్కువమంది పిచర్లు కుడిచేతివాళ్లే కాబట్టి ఎడమచేతివాడికే ఎక్కువ ఆటలు దొరుకుతాయి. అతన్ని ఎంచుకునేటప్పుడే ఎక్కువ జాగ్రత్త పడు.

ప్రశ్న: నమస్కారమండీ. న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్య ‘స్ట్రాట్-ఓ-మ్యాటిక్’ కార్డులు, పాచికలు పంపాడు. ఆదివారం ఉదయం మాకు, శనివారం రాత్రి వాళ్లకు. వీడియో కాల్‌లో ఆడతాం. జట్టు ఎంచుకునేటప్పుడు బ్యాటర్లకే ప్రాధాన్యం ఇవ్వాలంటాడు అన్నయ్య. నాకు పిచర్లు ముఖ్యమనిపిస్తుంది. ఎవరిది సరైనది? (గృహిణి, అమలాపురం)

జవాబు: అమ్మా, మీ ఇద్దరి తగువు ఆ పాచికలే తీరుస్తాయి. 1961లో హాల్ రిచ్‌మన్ ఈ ఆటను అమ్మకానికి తెచ్చినప్పటి నుంచీ దాని కీలకం ఒక్కటే. మూడు పాచికలు వేస్తారు. వాటిలో ఒకటి 1, 2, 3 చూపితే ఫలితం బ్యాటర్ కార్డులో చదవాలి. 4, 5, 6 చూపితే పిచర్ కార్డులో చదవాలి. అంటే సరిగ్గా సగం సగం. మిగతావి ఒకే తీరుగా ఉంటే పిచర్లూ బ్యాటర్లూ సమానమే.

కాని ఇద్దరూ వదిలేసిన మూడోది ఒకటుంది. పిచర్ కార్డులోని కొన్ని గళ్లలో ఫలితం నేరుగా రాసి ఉండదు, ఫలానా ఫీల్డర్‌ను చూడమని ఉంటుంది. ఆ గళ్లు షార్ట్‌స్టాప్‌కు అన్నిటికంటే ఎక్కువ, ఆ తర్వాత రెండో బేస్ ఫీల్డర్‌కు. ఫీల్డింగ్‌లో 1 ఉన్నవాడికీ 4 ఉన్నవాడికీ అక్కడ హస్తిమశకాంతరం తేడా. 4 ఉన్న షార్ట్‌స్టాప్‌ను పెట్టుకుంటే మీ పిచర్లందరి కార్డులూ ఒక్కసారిగా చెడిపోయినట్టే. మీ అన్నయ్య బ్యాటింగ్ చూసి అలాంటివాణ్ణి తీసుకుంటే మీరు సంతోషించండి, అడ్డు చెప్పకండి.

కార్డు చదవడం కూడా నేర్చుకోవాలి. మిగిలిన రెండు పాచికల మొత్తాన్ని బట్టి కార్డులో వరుస తేలుతుంది. రెండు పాచికలకు 36 రకాల కలయికలు. 7 ఆరు విధాలుగా వస్తుంది, 6 అయిదు, 8 అయిదు. ఈ మూడు వరుసలకే 36లో 16 దక్కుతాయి. 2 గాని 12 గాని 36లో ఒక్కొక్కసారే. ఒక బ్యాటర్ కార్డులో హోమ్ రన్ అన్న మాట మూడుచోట్ల కనబడినా అవన్నీ 2, 3, 12 వరుసల్లో ఉంటే మురిసిపోకండి. ఒక్క 7 వరుసలో వాక్ ఉన్న కార్డు అంతకంటే ఎక్కువసార్లు మీ చేతికి అందుతుంది. వరుస పక్కన అది ఎన్ని విధాలుగా వస్తుందో పెన్సిల్‌తో రాసుకుని, బేస్ చేర్చే ఫలితాలన్నీ కూడి 108తో భాగించండి. బ్యాటర్ కార్డుకు మూడు నిలువు వరుసలు, ఒక్కొక్కదానికి 36 కాబట్టి 108. పది నిమిషాల పని. నా విద్యార్థులకు సంభావ్యత ఇలా చెప్పగలిగే అవకాశం నాకు అప్పట్లో దొరికి ఉంటే ఎంత బాగుండేదో!

ప్రశ్న: మా లీగులో ఆఖరి స్థానంలో ఉన్నవాడికి వచ్చే ఏడాది కొత్త కుర్రాళ్లలో మొదటి ఎంపిక దక్కుతుంది. ఎలాగూ గెలవడం లేదు కాబట్టి, మంచివాళ్లందరినీ అమ్మేసి కావాలని ఓడిపోతే మూడేళ్లలో గొప్ప జట్టు తయారవుతుందని మిత్రుడు చెబుతున్నాడు. చేయమంటారా? (రొయ్యల మేత వ్యాపారి, రాజోలు)

జవాబు: వద్దండి. మీ మిత్రుడు హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ను మనసులో పెట్టుకుని చెప్పి ఉంటారు. ఆ జట్టు 2011లో 106, 2012లో 107, 2013లో 111 ఆటలు ఓడి 2017లో ఛాంపియన్ అయింది. (ఆ సీజన్‌లో ఎదుటి క్యాచర్ సంకేతాలను కెమెరాతో దొంగిలించారని తర్వాత విచారణలో తేలి ఆ విజయానికి మచ్చ పడింది. అది వేరే సంగతి.) అన్ని ఓటములు భరించి తెచ్చుకున్న మొదటి ఎంపికలు ఏమయ్యాయో చూడండి. 2012లో కార్లోస్ కొర్రేయా, నిజంగానే గొప్ప షార్ట్‌స్టాప్ అయ్యాడు. 2013లో మార్క్ అపెల్ అనే పిచర్, హ్యూస్టన్ ప్రధాన జట్టుకు ఒక్క ఆట కూడా ఆడలేదు, 2022లో వేరే జట్టు తరఫున గాని పెద్ద లీగు మైదానంలో అడుగుపెట్టలేదు. 2014లో బ్రాడీ ఎయికెన్ అనే మరో పిచర్, ఒప్పందమే కుదరలేదు. ప్రపంచంలోని స్కౌట్లందరూ చూసి ఎంచుకున్న ముగ్గురిలో ఫలించింది ఒక్కరే. ఎంపిక చేసుకోక తప్పకపోతే చిన్నవయసు పిచర్ కంటే బ్యాటర్ వైపే మొగ్గండి. పిచర్ల భుజాలు, మోచేతులు కంప్యూటర్ ఆటలోనూ తొందరగా దెబ్బతింటాయి.

దీనికంటే పెద్ద కారణం ఇంకొకటి. హ్యూస్టన్ ఓడినా మిగిలిన 29 జట్లు నడిచాయి, వాటికి జీతాలు తీసుకునే మనుషులున్నారు. మీది స్నేహితుల లీగు. ఒకరు ఆడటం మానేస్తే ఆ జట్టుతో ఆడాల్సిన ప్రతి ఆటా అవతలివాళ్లకు రుచి కోల్పోతుంది. పోటీలో ఉన్న ఇద్దరిలో ఒకరికి మీతో ఎక్కువ ఆటలు పడితే టైటిల్ కూడా అన్యాయంగా తేలుతుంది. పగలంతా చెరువుల మీద తిరిగి వచ్చి రాత్రి ఆటకు కూర్చునే మీరు, మూడేళ్లు ఓడిపోవడానికి కూర్చుంటారా? ముప్ఫై దాటినవాళ్లను మాత్రం అమ్మండి. వాళ్లకు బదులుగా పేరుపడిన పదిహేడేళ్ల కుర్రాడు కాదు, చిన్న లీగుల్లో ఇప్పటికే మంచి ఆన్‌బేస్ శాతం చూపిస్తున్న ఇరవై మూడేళ్లవాళ్లను ఇద్దరిని అడగండి. వచ్చే ఏడాదే మీ వరుసలో ఉంటారు.

ప్రశ్న: తలా అయిదు వేలు వేసుకుని గెలిచినవారికి ఇద్దామని మా లీగులో అంటున్నారు. తప్పు లేదు కదా? (యానాం పాఠకుడు)

జవాబు: తప్పే. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025లో పార్లమెంటు కూడా దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. మీది పుదుచ్చేరి కదా అన్న వాదన ఇక పనికిరాదు. చట్టం లేకపోయినా నేను వద్దనేవాణ్ణి. సంక్రాంతి పందాల్లో ఎకరాలు పోగొట్టుకున్న కుటుంబాలను ఈ డెల్టాలో పుట్టిన ఎవరూ చూడకుండా ఉండరు. గెలిచినవారికి ఆత్రేయపురం పూతరేకులు ఒక పెట్టె ఇవ్వండి, చాలు.

ప్రశ్న: మా లీగు సగం సీజన్ ముగిసింది. 81 ఆటల్లో 50 గెలిచి మొదటి స్థానంలో ఉన్నాను. జట్టులో ఏమీ కదిలించకుండా ఇలాగే వెళ్లిపోవాలా? నా జట్టు చేసిన పరుగులు 350, ఇచ్చినవి 345. (బ్యాంకు ఉద్యోగిని, తణుకు)

జవాబు: పరుగుల వివరం కూడా రాసినందుకు ధన్యవాదాలమ్మా. అది లేకపోతే నేను కూడా కదిలించవద్దనే చెప్పేవాణ్ణేమో. బిల్ జేమ్స్ అనే ఆయన చేసిన సూత్రం ఒకటుంది. చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం కలిపిన మొత్తంతో భాగించండి. మీకు 350 వర్గం 1,22,500. 345 వర్గం 1,19,025. భాగిస్తే 0.507 వస్తుంది. 81 ఆటల్లో అది 41 విజయాలు. మీరు 50 గెలిచారు. ఆ తొమ్మిదీ ఎక్కువగా ఒక్క పరుగు తేడా ఆటల్లో కలిసొచ్చి ఉంటాయి. మీ ఆఖరి ఇన్నింగ్స్ పిచర్లు మంచివాళ్లైతే అందులో కొంత వాళ్ల ప్రతిభే. తొమ్మిదీ మాత్రం కాదు.

ఇక్కడ కంగారు పడాల్సిన పని లేదు. వచ్చిన 50 విజయాలు మీ ఖాతాలో జమ అయిపోయాయి, ఎవరూ వెనక్కు తీసుకోలేరు. మీ జట్టు అసలు బలం ప్రకారం మిగిలిన 81లో ఇంకో 41 వస్తే మొత్తం 91. మీ లీగులో కిందటి ఛాంపియన్ ఎన్ని గెలిచారో తీసి చూడండి. 91 సరిపోతుందంటే ఒక చిన్న కొనుగోలుతో ఆగండి. సరిపోదంటే ఇప్పుడే కదలండి. ఎందుకంటే మొదటి స్థానంలో ఉన్నంతకాలం మీ ఆటగాళ్లందరూ అవతలివాళ్లకు ఉన్నదానికంటే విలువైనవాళ్లుగా కనబడతారు. అదృష్టం కలిసొచ్చిన పిచర్ ఎవరో పైన భీమవరం అబ్బాయికి చెప్పిన మూడు అంకెలతో పట్టుకోండి. అతనికి ఇప్పుడు వచ్చే ధర ఆగస్టు ఆటల తర్వాత రాదు.

ఏం కొనాలన్నదానికి ముందు మీ సొంత మైదానం చూడండి. కంప్యూటర్ ఆటల్లో ప్రతి మైదానానికీ ఒక కొలత ఉంటుంది. అసలు లీగులో డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి దాదాపు ఒక మైలు ఎత్తులో ఉంది. గాలి పలచన కావడంతో బంతి దూరం వెళుతుంది, పరుగులు విపరీతంగా వస్తాయి. బంతులు ఎండిపోకుండా 2002 నుంచి వాటిని తేమగల గదిలో ఉంచుతున్నారు, అయినా అక్కడ పరుగుల జోరు తగ్గిపోలేదు. మీది అలాంటి మైదానమైతే 345 పరుగులు ఇచ్చిన మీ పిచర్లు మీరనుకున్నదానికంటే మంచివాళ్లు, బలహీనత బ్యాటర్లలో ఉంది. పరుగులు రాని మైదానమైతే దానికి సరిగ్గా తిరగేసి చదువుకోండి. పరాయి మైదానాల్లో మీరు చేసినవీ ఇచ్చినవీ విడిగా కూడి చూస్తే ఎటువైపు కొనాలో తేలుతుంది. ఆ రెండు అంకెలు రాసి పంపండి, ఏ చోటికి ఎవరిని అడగాలో వచ్చే సంచికలో చెబుతాను. మార్పిడుల గడువు అంతకు ముందే ముగిసిపోయేలా ఉంటే ఆగకండి, తక్కువ వాక్‌లు ఇచ్చే రిలీవర్‌ను (ఆట మధ్యలో వచ్చి బంతి వేసే పిచర్‌ను) ఒకణ్ణి తెచ్చుకోండి.